విద్యార్థి కోరిక, కాలపట్టిక తీర్పు

కళాశాలల ద్వారములు తెరచుకొనునపుడెల్ల మన యిండ్లలో ఒక చర్చ పుట్టుచుండును. ఏ కోర్సు మంచిది, ఏది చదివిన ఉద్యోగము లభించును, ఏ కాలేజీ పేరుగలది, ఫీజు ఎంత, హాస్టలు కలదా లేదా యని తల్లిదండ్రులు తర్కించుకొందురు. ఇవి యన్నియు అడుగదగిన ప్రశ్నలే. కాని అడుగవలసియుండియు ఎవ్వరును అడుగని ప్రశ్న యొకటి కలదు. మా బిడ్డ కోరుకొన్న రెండు పాఠ్యములును ఒకే దినమున ఒకే గంటకు జరుగునా, వేరువేరు గంటలకు జరుగునా యన్నదే ఆ ప్రశ్న. వినుటకు ఇది కచేరీ గుమాస్తాలు చూచుకొనవలసిన అల్పవిషయమువలె తోచును. మేమట్లు తలంపజాలము. నేటి విశ్వవిద్యాలయములలో విద్యార్థి యేమి చదువగలడో, ఏమి చదువలేడో తుదకు నిర్ణయించునది ఆ గంటల పట్టికయే యని మా దృఢాభిప్రాయము.

ఎన్నికను గూర్చి మన పాలకులు తక్కువగా మాటలాడినవారు కారు. 2015వ సంవత్సరమున యూనివర్సిటీ గ్రాంట్సు కమిషనువారు ఎన్నికయే ప్రాతిపదికగా గల క్రెడిట్ల విధానమును దేశమందంతటను అవలంబింపుడని చెప్పిరి. 2020 జూలైలో వెలువడిన జాతీయ విద్యావిధానము శాస్త్రములకును కళలకును నడుమనున్న గోడలను పడగొట్టుదునని ప్రతిన పలికెను. 2021లో క్రెడిట్లను దాచుకొనుటకు ఒక బ్యాంకు ఏర్పడెను. 2022 డిసెంబరులో వచ్చిన క్రెడిట్ చట్రము మూడేండ్ల పట్టమునకు 120 క్రెడిట్లును, నాలుగేండ్ల ఆనర్సు పట్టమునకు 160 క్రెడిట్లును విధించి, ప్రధానవిషయము, మైనరు, బహుశాస్త్ర పాఠ్యములు, భాష, నైపుణ్యము, విలువలు అని వానిని పంచిపెట్టెను. ఆంధ్రప్రదేశమున 2023-24 విద్యాసంవత్సరమునుండి వెనుకటి మూడు సబ్జెక్టుల గ్రూపులు పోయి, ఒక్క మేజరును దానికి తోడు మైనరును వచ్చెను. తెలంగాణమున 2016 నుండి దోస్త్ అను ఆన్‌లైన్ పద్ధతిని డిగ్రీ ప్రవేశములు సాగుచున్నవి. విద్యార్థి యింటనో నెట్ సెంటరులోనో కూర్చుండి తన కోరికలను వరుసగా నమోదు చేయుచున్నాడు. కాగితముమీద విద్యార్థికి లభించిన స్వాతంత్ర్యము సామాన్యమైనది కాదు.

ఈ నిబంధనల రాశిలో ఒకచోట గంటల ప్రసక్తి స్పష్టముగా కానవచ్చుచున్నది. 2022 ఏప్రిలులో గ్రాంట్సు కమిషనువారు ఒక విద్యార్థి ఏకకాలమున రెండు పట్టములకు చదువవచ్చునని అనుమతించుచు, రెండును తరగతికి హాజరై చదువునవియైన యెడల ఒకదాని తరగతుల వేళలు రెండవదాని వేళలతో కలియరాదని షరతు పెట్టిరి. అది న్యాయమైన షరతే. మనుష్యుడొక్కడు రెండు గదులలో కూర్చుండలేడు గదా. కాని మా సందేహమొకటి. రెండు పట్టములు చదువబూనిన యే కొలదిమందికో వర్తించు ఈ వివేకము ఒక్క పట్టమునందే రెండు పాఠ్యములను కోరుకొను అసంఖ్యాక విద్యార్థుల విషయమున ఏల మరుగుపడినది? అక్కడ వేళలు కలియకుండ చూచుకొనవలసిన భారము విద్యార్థిది. ఇక్కడ ఆ భారము విద్యాలయముది. పట్టికను వ్రాయునది విద్యార్థి కాదు గదా.

విద్యార్థుల వాడుకలో దీనికి క్లాషు అని పేరు. ఇంగ్లండు విశ్వవిద్యాలయములలో మాడ్యూళ్ల నెన్నుకొను విద్యార్థియు, హైదరాబాదులో ఎలెక్టివును కోరు విద్యార్థియు ఈ మాటనే పలుకుచున్నారు. రోగమొక్కటియే యగుటచే పేరును ఒక్కటే యయ్యెను.

వెనుకటి గ్రూపుల పద్ధతిని గూర్చి ఇక్కడ ఒక మాట చెప్పవలసియున్నది. ఎం.పి.సి., బి.జెడ్.సి., హెచ్.ఇ.పి. అను అక్షరములతో మూడు తరముల తెలుగువారు తమ చదువును చెప్పుకొనిరి. గణితముతో భౌతికరసాయనములు, వృక్షజంతుశాస్త్రములతో రసాయనము, చరిత్రతో అర్థశాస్త్ర రాజనీతులు. ఇవి పరస్పర సంబంధము గల శాస్త్రములగుటచే ఒక గుంపైనవని అందరును చెప్పుదురు. అది కొంతవరకు నిజము. కాని గ్రూపునకు మరియొక సుగుణము కలదు. గ్రూపులోని అరువదిమందియు ఒకే గదిలో ఒకే బెంచీలమీద కూర్చుండి మూడేండ్లు గడపుదురు. అధ్యాపకులు వారి యొద్దకు వత్తురు. వారికి క్లాషు అనునది పుట్టనే పుట్టదు. గ్రూపు విద్యాసిద్ధాంతము ఎంతయో కాలపట్టికోపాయమును అంతయే. గ్రూపును తీసివేసినవారు విద్యాసిద్ధాంతమును మార్చితిమనుకొనిరి. ఆ గ్రూపు మోయుచుండిన బరువును ఇక నెవరు మోయవలయునో ఆలోచించినట్లు కానరాదు. చరిత్రతో గణితమును చదువగోరిన బాలునికి తలుపు మూసిన ఆ పద్ధతి మరల రావలయునని మేము కోరుటలేదు. స్తంభమును తీసినవాడు కప్పునకు మరియొక ఆధారము చూపవలయునని మాత్రమే మా వాదము.

ఎన్నిక సిద్ధాంతము మనకు అమెరికానుండి వచ్చినది. 1869లో హార్వర్డు అధ్యక్షపీఠమెక్కిన చార్లెస్ ఎలియట్ నలువదేండ్లపాటు దానిని పెంచి పోషించెను. విద్యార్థి పెద్దవాడు, వానికేమి కావలయునో వానికే తెలియునని ఆయన విశ్వాసము. 1909లో ఆయన స్థానమునకు వచ్చిన లోవెల్, ఈ స్వేచ్ఛ మితిమీరినదని తలంచి, ఒక శాస్త్రమున లోతును ఇతరములందు విస్తృతియు నుండవలయునని కట్టుబాటు చేసెను. నేటి మన మేజరు, మైనరు విభాగము ఆ రెండవ ఆలోచనకు దగ్గరగానున్నది. ఈ మహనీయుల వివాదమంతయు విద్యార్థికి ఎంత ఎన్నిక యుండదగునన్న దానిమీదనే నడచెను. మన కాలేజీలలో నేడు ఆ వివాదమును తీర్చుచున్నవాడు ఎలియట్టును కాడు, లోవెల్లును కాడు. స్టాఫ్‌రూములో స్కేలు, పెన్సిలు పట్టుకొని గళ్లు గీయు జూనియరు లెక్చరరు.

గళ్ల లెక్క చూతము. పాఠకులు ఓపికపట్టుదురుగాక. వారమునకు ఆరు దినములు, దినమునకు ఆరు పీరియడ్లు అనుకొన్నచో ముప్పదియారు గళ్లు. మూడేండ్లకు 120 క్రెడిట్లు గనుక సెమిస్టరునకు ఇరువది. ఉపన్యాసమునకు ఒక క్రెడిటు వారమున కొక గంట. ప్రయోగశాలలో ఒక క్రెడిటునకు వారమునకు రెండు గంటలు. నాలుగేసి క్రెడిట్ల పాఠ్యములైదు, ప్రతిదానియందును మూడు క్రెడిట్ల ఉపన్యాసము, ఒక క్రెడిటు ల్యాబు ఉన్నదనుకొన్నను, విద్యార్థికి పట్టునది ఇరువదియైదు గంటలు. ముప్పదియారింట పదునొకండు మిగులుచున్నవి. ఇంత ఖాళీ యుండగా క్లాషు ఎట్లు వచ్చునని పెద్దలు ఆశ్చర్యపడుదురు. ఒక్క విద్యార్థికై పట్టిక వ్రాయుట పిల్లలయాట. వేయిమందికై, నలువదిమంది అధ్యాపకులకై, ఇరువది గదులకై ఒకే పట్టిక వ్రాయుటయందు చిక్కు ఉన్నది.

ఎనిమిది ఎలెక్టివులున్నవనుకొనుడు, విద్యార్థి రెండింటిని ఎన్నుకొనవలయును. ఎనిమిదింటినుండి రెండేసి చొప్పున ఇరువదియెనిమిది జంటలు పుట్టును. ప్రాస్పెక్టసులో విద్యార్థికి ఇరువదియెనిమిది దారులు తెరచియున్నట్లు తోచును. ఇపుడు పట్టిక వ్రాయువాడు తన సౌకర్యార్థము ఎనిమిదింటిని రెండే వేళలలో, వేళకు నాలుగు చొప్పున సర్దెననుకొందము. ఒక్కొక్క వేళలోను ఆరు జంటలు నశించును, మొత్తము పండ్రెండు. మిగిలినవి పదునారు. అదే ఎనిమిదింటిని నాలుగు వేళలలో రెండేసిగా సర్దినచో నశించునవి నాలుగే. ఇరువదినాలుగు జంటలు బ్రదికియుండును. సిలబసు మారలేదు. అధ్యాపకుడు మారలేదు. పెన్సిలు కదలిక చేతనే ఎనిమిది దారులు మూసికొనెను, లేదా తెరచుకొనెను. ఏ బోర్డు ఆఫ్ స్టడీసు సమావేశమునందును ఆ దారులను గూర్చి చర్చ జరుగలేదు. ఎవ్వరును ఓటు వేయలేదు.

ఇంతకంటె బాధాకరమైన విషయము వేరొకటి యున్నది. నశించిన జంట నశించినట్లు ఎవరికిని తెలియదు. ఒక ఉదాహరణము తీసికొందము. బి.యస్సీ. విద్యార్థులలో అరువదిమందికి తెలుగు సాహిత్యమును ఎలెక్టివుగా చదువవలయునని కోరిక యున్నదనుకొనుడు. ఆ పాఠ్యము మంగళవారము మధ్యాహ్నము పెట్టబడెను. మంగళవారము మధ్యాహ్నమే రసాయనశాస్త్రపు ల్యాబు. ల్యాబు మేజరులోనిది, వదలరానిది. నలువదియెనిమిదిమంది తెలుగును వదలుకొందురు. పండ్రెండుమంది మిగులుదురు. సంవత్సరాంతమున ప్రిన్సిపాలుగారు సంఖ్యలను చూచి, తెలుగునకు చేరువారు లేరు, పండ్రెండుమందికొరకు ఒక అధ్యాపకుని నిలుపుట దుర్వ్యయమని వ్రాయుదురు. మరుసటి యేడు ఆ పాఠ్యము పట్టికలోనే యుండదు. కొన్నేండ్ల తరువాత మనవారే వేదికలెక్కి, నేటి యువకులకు మాతృభాషమీద మమకారము లేదని నిట్టూర్పు విడుతురు! మమకారము లేకపోయినదా, మంగళవారము లేకపోయినదా?

తెలుగును ఉదాహరించితిమి గాని ఇది తెలుగునకు మాత్రమే పరిమితమైన ఆపద కాదు. తత్త్వశాస్త్రము, సంస్కృతము, ఉర్దూ, భూగర్భశాస్త్రము, సంగీతము, చేరువారి సంఖ్య స్వల్పముగానుండు ప్రతి విద్యకును ఇదే గతి. ఎక్కువమంది చేరు పాఠ్యమునకు రెండు మూడు సెక్షన్లుండును. ఒక సెక్షను కుదరనివాడు మరియొకదానికి పోవును. చిన్న పాఠ్యమునకు ఉండునది ఒక్కటే గంట. ఆ గంట కుదరకున్న ఇక దిక్కులేదు. కావున పట్టికలో మొదట స్థానమీయదగినది చిన్నదానికి. మన కాలేజీలలో జరుగునది తద్విరుద్ధము. పెద్ద డిపార్టుమెంటులు, సీనియరు అధ్యాపకులు తమకు అనుకూలమైన ఉదయవేళలను ముందుగా తీసికొందురు. గెస్టు లెక్చరరు మూడు కాలేజీలు తిరిగి గంటకింత యని కూలి తెచ్చుకొనువాడు; అతడు వచ్చు దినముననే అతని పాఠము. మిగిలిన గళ్లలో మిగిలినవి పడును. ఆ మిగిలినవానిలోనే విద్యార్థి కోరిక యుండును.

పట్టికలు వ్రాయుట నిజముగా కష్టమైన పని యని మేమెరుగుదుము. గణితజ్ఞులే దీనికి సాక్ష్యమిచ్చియున్నారు. మన ఆడువారు వాకిట పెట్టు చుక్కల ముగ్గును తలచుకొనుడు. ప్రతి పాఠ్యమును ఒక చుక్క యనుకొనుడు. ఏ రెండు పాఠ్యములను ఒక్క విద్యార్థియైనను కలిపి కోరెనో ఆ రెండు చుక్కలను గీతతో కలుపుడు. ఇక చుక్కలకు రంగులద్దుడు. గీతతో కలిసిన రెండు చుక్కలకు ఒకే రంగు పడరాదు. ఎన్ని రంగులు చాలునో అన్ని వేళలు చాలును. మాట ఇంతే. కాని చుక్కలు వందలైనపుడు, ఎల్ల వేళలను కనిష్ఠసంఖ్యను త్వరగా తేల్చి చెప్పు ఉపాయము లోకమున ఇంతవరకు ఎవరికిని దొరకలేదు. 1972లో రిచర్డు కార్ప్ ఈ రంగుల సమస్యను అత్యంత కఠినములైన వాని జాబితాలో చేర్చెను. 1976లో ఈవెన్, ఇతాయ్, షామీర్ అను మువ్వురు పండితులు తరగతుల పట్టిక సమస్యయు ఆ జాబితాలోనిదేయని ప్రకటించిరి.

అట్లని చేతులు ముడుచుకొని కూర్చుండుటకు ఇది ఆధారము కాదు. అత్యుత్తమమైన పట్టిక దొరకుట కష్టము. నేటికంటె మేలైన పట్టిక దొరకుట కష్టము కాదు. 1967లోనే వెల్ష్, పావెల్ అను ఇరువురు పట్టికలకొరకు ఒక సులభమైన మార్గము చెప్పిరి. ఎక్కువ గీతలు తగిలిన చుక్కకు ముందు రంగు వేయుడు, తరువాత దానికంటె తక్కువ గీతలున్నదానికి, అట్లే క్రమముగా. ఎక్కువ చిక్కుపడినదానిని ముందు కూర్చోబెట్టి, చిక్కులేనిదానిని చివర సర్దుమని తాత్పర్యము. ఒంటిలైనుమీద రైళ్లను నడపు స్టేషనుమాస్టరు ఎక్స్‌ప్రెసుల దారి ముందు చూచుకొని గూడ్సుబండిని లూపులైనులో నిలుపుటలేదా? 2002 నుండి పట్టికల రచనలో అంతర్జాతీయ పోటీలే జరుగుచు వచ్చినవి. వేల విద్యార్థుల కోరికలను లెక్కించి పట్టిక వ్రాయు కంప్యూటరు ప్రోగ్రాములు అమెరికాలోని పర్డ్యూ మొదలగు విశ్వవిద్యాలయములందు పని చేయుచున్నవి. మన కాలేజీలలో కంప్యూటర్లు లేవా? ఉన్నవి. వాని ముందు ఫీజు బకాయీల జాబితా తీయుచున్నారు.

మన దేశమునందే మార్గదర్శకులు లేకపోలేదు. మద్రాసు ఐ.ఐ.టి.లో వారపు గంటలను ఏ, బీ, సీ యను అక్షరములతో స్లాట్లుగా విభజించి, ప్రతి పాఠ్యమును ఒక స్లాటునకు కట్టుదురు. ఒకే అక్షరముగల రెండు పాఠ్యములను తీసికొనరాదని తొలి సెమిస్టరు బాలునికి సైతము తెలిసిపోవును. క్లాషులు దీనివలన మాయమైపోవు, నిజమే, కాని కానవచ్చును. కానవచ్చిన చిక్కును గూర్చి అడుగవచ్చును, వాదింపవచ్చును. మామూలు డిగ్రీ కాలేజీలో, దరఖాస్తు నింపునాటికి పట్టికయే సిద్ధముగానుండదు. విద్యార్థి జూలైలో ఎన్నుకొనును. పట్టిక ఆగస్టులో నోటీసుబోర్డు మీదికి వచ్చును. అప్పుడు ఎన్నిక మార్చుకొనుటకు గడువు దాటిపోయినదందురు. ముందు కొని తరువాత ధర వినుట యెట్టిదో ఇదియు నట్టిదే.

క్లాషు వచ్చిన పిదప విద్యార్థి యేమి చేయుచున్నాడు? కొందరు మౌనముగా కోరిక మార్చుకొందురు. కొందరు రెండింటిలోను పేరు వ్రాయించుకొని, సోమవారమొకదానికి, బుధవారమొకదానికి పోయి, హాజరు నూటికి డెబ్బదియైదు చాలక సెమిస్టరు చివర క్షమాపణపత్రములు పట్టుకొని తిరుగుదురు. స్నేహితునిచేత హాజరు పలికించుకొను వంచన కూడ ఇక్కడనే అంకురించుచున్నది. తరగతుల క్లాషును దాటినవానికి ఒక్కొక్కచో పరీక్షల క్లాషు ఎదురగును. పల్లెనుండి ఒక్క బస్సుమీద వచ్చు బాలిక స్థితి మరియు దయనీయము. ఆమె కోరిన పాఠ్యము సాయంకాలము అయిదింటికి జరిగినచో అది మరియొక పాఠ్యముతో గాక ఊరికి పోవు ఆఖరి బస్సుతో ఢీకొనుచున్నది. ఆ ఢీ ఏ కంప్యూటరు లెక్కలోనికిని రాదు.

స్వయం అను ఆన్‌లైన్ పాఠములున్నవి గదా, అందు చదువుకొనవచ్చును గదా యని కొందరు సమాధానము చెప్పుచున్నారు. 2021 నిబంధనల ప్రకారము ఒక సెమిస్టరులోని పాఠ్యములలో నూటికి నలువదివరకు అట్టివి తీసికొను అవకాశము కలదు. రికార్డు చేసిన పాఠమునకు గంట కట్టుబాటు లేదు గనుక కొన్ని విషయములందు ఇది మంచి మందే. గణాంకశాస్త్ర ప్రాథమికములను, ఆర్థికశాస్త్ర సూత్రములను అట్లు నేర్చుకొన్నచో నష్టము లేదు. కాని పద్యమును చదివి అర్థము చెప్పించుకొనుట, పిపెట్టును చేత పట్టుట, ఎదుటివానితో వాదించుట తెరముందు ఒంటరిగా కూర్చుండినచో అలవడవు. అదిగాక, పట్టిక వ్రాయుటకు ఓపిక లేని కాలేజీకి ఇది యొక సాకు కారాదు. గదిలో అధ్యాపకుడు కూర్చుండియుండగా ఆ పాఠ్యమునే ఫోనులో చూచుకొనుమని విద్యార్థిని పంపివేయుట మాకు సమ్మతము కాదు.

విద్యార్థులకు కొన్ని మాటలు చెప్పదలచితిమి. దరఖాస్తు నింపకముందే పట్టిక చూపుడని అడుగుడు; క్రొత్తది లేకున్న నిరుటిది చూపుడని అడుగుడు, గళ్లు ఏటేట పెద్దగా మారవు. క్లాషు ఉపన్యాసములోనిదా, ల్యాబులోనిదా విడదీసి చూడుడు. ల్యాబులకు తరచుగా రెండు మూడు బ్యాచీలుండును, బ్యాచీ మార్చుకొన్నచో చిక్కు విడిపోవచ్చును. కోరిన పాఠ్యము వచ్చు సెమిస్టరునగాని వచ్చు సంవత్సరముగాని మరల జరుగునా యని కనుగొనుడు. రెండింటిలో ఏది తరువాతి పాఠ్యములకు పునాదియో దానిని ఇప్పుడు తీసికొని, పునాది కానిదానిని వాయిదా వేయుడు. ఒకే క్లాషు పదిమందికి వచ్చినచో పదిమందియు కలిసి డిపార్టుమెంటు అధిపతికి వ్రాతమూలకముగా అర్జీ ఇండు. ఒక్కని విన్నపమునకు గంట మారదు. పదిమంది సంతకములకు మారిన సందర్భములు కలవు. ఏమి చేసినను కుదరనపుడు, కుదరలేదని కాగితముమీద వ్రాసి యిచ్చి మరీ వదలుకొనుడు. మీరు మౌనముగా వదలినది మీకు అక్కరలేనిదిగా లెక్కింపబడును.

ప్రిన్సిపాళ్లు మామీద కోపింపవచ్చును. గదులు లేవు, ఖాళీ పోస్టులు నింపలేదు, ఉన్న నలుగురితో నలువది పాఠ్యములెట్లు నడపుదుమని వారు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. పోస్టులు నింపక ఎన్నికను ప్రకటించిన ప్రభుత్వములు ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలయును. అధ్యాపకులు నలుగురేయున్న చోట ఇరువది ఎలెక్టివుల జాబితా అచ్చువేయుట కంటె, నిజముగా చదువనీయగల ఆరింటిని అచ్చువేయుట గౌరవము. కాని నలుగురితోనైనను వరుసను మార్చవచ్చును. ఇపుడు పట్టిక ముందు, కోరిక తరువాత. ఒక సెమిస్టరు ముగియకముందే తరువాతిదానికి విద్యార్థుల కోరికలను సేకరించి, ఆ కోరికలనుబట్టి పట్టిక వ్రాయుటకు క్రొత్త భవనమక్కరలేదు. క్రొత్త నిధులక్కరలేదు. ఒక పక్షము దినములును, ఒక కంప్యూటరును, కోరికలను చదువు మనస్సును చాలును.

ఇంకొకటి అడుగుచున్నాము. ప్రతి కాలేజీయు ఎంతమంది ఏ పాఠ్యమున చేరిరో విశ్వవిద్యాలయమునకు ఏటేట లెక్క పంపుచున్నది. ఎంతమంది ఏ పాఠ్యమును కోరి, గంట కుదరక వదలిరో ఆ లెక్కయు దానితోపాటు పంపవలయును. ఒక పాఠ్యమును చేరువారు లేరని మూసివేయుటకు ముందు అకడమిక్ కౌన్సిలువారు ఈ రెండవ లెక్కను తప్పక చూడవలయును. ప్రవేశముల దినమున ఫీజుల నోటీసు ప్రక్కనే రెండు కాగితములు వ్రేలాడదీయింపవలయును. ఒకదానియందు రాబోవు సెమిస్టరు పట్టిక. రెండవదానియందు కలిసి తీసికొన వీలులేని పాఠ్యముల జంటలు. ఈ రెండును కానరాని చోట తల్లిదండ్రులు దరఖాస్తుమీద సంతకము చేయకముందే గుమాస్తాను అడుగవలయును. అతడు తనకు తెలియదనినచో ప్రిన్సిపాలుగారి గది యెక్కడనో అడుగవలయును.